గంట ఏ పక్కన ఉండేది?

మా ఇంట్లో కోపం నాది, మొండితనం మావయ్యగారిది. ఆ రెండింటి మధ్యా నిలబడి నవ్వడం తప్ప మా ఆయనకి వేరే వాటా మిగల్లేదు. అలాంటి ముగ్గురం కలిసి ఒక రైల్వే స్టేషను కట్టాం. కొట్టుకోకుండా కట్టామని అబద్ధం మాత్రం చెప్పను.

నిజం స్టేషను కాదు లెండి. పాత తలుపు మీద సరిపోయేంత స్టేషను.

మాది ఫోటోలకి, అద్దాలకి ఫ్రేములు కట్టే షాపు. ముందు గదిలో నా చెక్కలు, గాజు పలకలు, మేకుల డబ్బాలు. వెనక గదిలో మా ఆయన మోటార్లకి తీగ చుడుతూ ఉంటాడు. రెండు గదుల మధ్య గుమ్మంలో మావయ్యగారు కుర్చీ వేసుకుని అటొక వంక, ఇటొక వంక పెడుతూ పొద్దు పుచ్చుతారు. ఆయన ఒకప్పుడు ఊరి చివర పాత స్టేషన్లో క్షవరాలు చేసేవారు. ఉద్యోగమేమీ కాదు. స్టేషను గదికి సరిగ్గా ఎదురుగా, పట్టాలకి ఇవతల, గోడౌన్ అరుగు మీద ఒక కుర్చీ, గోడకి ఒక అద్దం, చేతిలో కత్తెర. దిగేవాడికి, ఎక్కేవాడికి, బండి తప్పిపోయి దిగాలుగా కూర్చున్నవాడికి, అందరికీ ఆయనే క్రాపు. ఊరు ఇప్పటికీ ఆయన్ని కత్తెర తాత అనే పిలుస్తుంది.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆ లైను తీసేశారు, స్టేషను కూల్చేశారు. ఆఖరి రోజున స్టాఫంతా వరసగా నిలబడి ఫోటో తీయించుకున్నారట. ఆ పొద్దున అందరికీ గడ్డాలు గీసి, క్రాపులు దిద్ది తయారుచేసింది మావయ్యగారే. తీరా ఆయన కూడా చివర్లో నిలబడబోతే, ఇది స్టాఫ్ ఫోటో, మీరు కాస్త పక్కకి జరగండి అన్నాడట ఫోటోగ్రాఫరు. మధ్యలో కూర్చున్న స్టేషను మాస్టరు సారు ఏమీ అనలేదట. మావయ్యగారు జరిగారు. ఈ సంగతి నాకు మా ఆయన చెప్పాడు. మావయ్యగారు ఎన్నడూ నోరు విప్పలేదు, ఆ సారు పేరెత్తితే మాత్రం మంచినీళ్లు కావాలని లేచి వెళ్లిపోతారు.

ఇలా ఉండగా లైబ్రరీ మేడం మా షాపుకి వచ్చింది. లైబ్రరీలో పిల్లల కోసం కొత్త హాలు కట్టారని, అందులో పాత స్టేషన్ని చిన్నగా, బొమ్మ రైలు తిరిగేలా చేసి పెట్టాలని ఆవిడ కోరిక. అట్టా, చెక్కా కొయ్యడం నాకు వచ్చు, కరెంటు పని మా ఆయనకి వచ్చు. కానీ స్టేషను ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? ఉన్న ఫోటోలన్నీ రోడ్డు వైపు గుమ్మంలో మనుషులు బిగుసుకుని నిలబడ్డవే. ప్లాట్‌ఫారం వైపు ఒక్కటీ లేదు. మా ఆయన్ని అడిగితే, చిన్నప్పుడు అక్కడ తిన్న ఐస్ తప్ప ఇంకేమీ గుర్తులేదన్నాడు.

గుమ్మంలోంచి మావయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"నేనుండగా ఫోటోలెందుకమ్మా? ఆ స్టేషన్లో ఏ ఇటుక ఎక్కడుందో చెప్తాను, రాసుకోండి."

మేడం కాస్త నీళ్లు నమిలింది. స్టేషను మాస్టరు సారు పక్క ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నారనీ, హాలు తెరిచే ముందు ఆయన్ని పిలిపించి చూపిస్తాననీ, ఆయన సరిగ్గా ఉందంటేనే పెడతాననీ అంది. పిల్లలు చూసి నేర్చుకునే చోట తప్పుండకూడదు కదా అని ఆవిడ బాధ. మావయ్యగారు లేచి మంచినీళ్లకి వెళ్లారు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయన కంచంలోకి చూస్తూ అన్నారు, "అమ్మాయ్, ఆ సారు నోటితో ఒక్కసారి 'సరిగ్గా ఉంది' అనాలి. వీడూ మా స్టేషను మనిషేనని ఒప్పుకోవాలి. నాకింకేం వద్దు." నాకు ఇట్టే కోపం వస్తుందంటారు గానీ, ఇట్టే కరిగిపోతానని ఎవరూ అనరు. ఆ సారు చేత అనిపించి తీరాలని నేనూ పట్టు పట్టాను.

ఇక చూస్కోండి మా తంటాలు. మా పెరట్లో మూలుగుతున్న పాత తలుపుని కడిగి బల్లల మీద పడుకోబెట్టాం. దాని వెడల్పు స్టేషను గదికి, ప్లాట్‌ఫారానికి, ముందున్న పట్టాలకి సరిపోయింది. పట్టాలకి ఇవతలిది, అంటే మావయ్యగారి అరుగు, తలుపు బయటే ఉండిపోయింది. పోనీలే అన్నారాయన, అదేం స్టేషను కాదుగా అని.

మావయ్యగారికి ఉత్తినే అడిగితే ఏదీ గుర్తుకు రాదు. లేచి నిలబడి, కళ్లు మూసుకుని, కుడిచేతిని కత్తెర పట్టుకున్నట్టు గాల్లో పెట్టాలి. అప్పుడు మాత్రం ధారగా వచ్చేది. గంట గది గుమ్మానికి ఎడమవైపు. దాని పక్కన నీళ్ల ట్యాంకు. ఇంకా ఎడమకి వెళ్తే వంతెన, పొద్దుటి బండి ఆ వంతెన దాటి వచ్చేది. కుళాయి కుడివైపు, దాని కింద ఎప్పుడూ బురద. బురద కూడా పెట్టాలా అని నేను ఉడుక్కుంటే, బురద లేకపోతే అది మన కుళాయే కాదన్నారు. సరే, జిగురులో కాఫీ పొడి కలిపి బురద చేశాను.

ఇటుక ముక్కల్ని దంచి, టీ వడకట్టే దాంతో జల్లించి పట్టాల మధ్య కంకర పోశాను. అది మళ్లీ టీకి పనికిరాలేదని ఇంట్లో రెండు రోజులు రభస. మా ఆయన పాత రాగితీగలు మెలిపెట్టి చెట్లు చేశాడు, రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు పట్టించి వాటికి అంటించాం. ట్యాంకు ఒక మాత్రల డబ్బా. గంట ఒక ఇత్తడి పూస. పైకప్పు పెంకులు నేను అట్ట ముక్కలతో ఒక్కొక్కటిగా కోసి అతికించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మావయ్యగారు వంగి చూసి, రంగు ఇది కాదు, మసి పట్టి ఇంకాస్త నల్లగా ఉండేవన్నారు. కత్తెర నా చేతిలో ఉండటం చూసి ఒక అడుగు వెనక్కి వేశారు కూడా. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

పుట్టీతో వేలి కణుపంత మనుషుల్ని చేస్తే, వాళ్ల జుట్లు మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. పుల్లకి సిరా అద్దుకుని ఒక్కో బొమ్మకి ఆయనే క్రాపు దిద్దారు. సిగ్నల్ మనిషికి పక్క పాపిడి, పార్సిల్ గుమాస్తాకి నడినెత్తిన బట్టతల. గుమ్మం దగ్గర నిలబడ్డ సారు బొమ్మకి ఒక పూటంతా పట్టింది. అంత చిన్న తలకి అంత సేపా అని మా ఆయన నవ్వితే, ఒరేయ్, ఆయన జుట్టు సుడి తిరిగి ఉండేది, నీకేం తెలుసు అని కసిరారు.

ఒక్క పాలవాడే అడ్డుపుల్ల వేశాడు. ఓ పొద్దున పాలు పోస్తూ లోపలికి తొంగి చూసి, కుళాయి ఈ పక్కన కాదేమో తాతా అన్నాడు. మావయ్యగారు ఒంటికాలి మీద లేచారు. నీ పాలల్లో నీళ్లు ఏ కుళాయివో నాకు తెలియదనుకున్నావా అని వాడి నోరు మూయించారు. వాడు మర్నాటి నుంచి గుమ్మం బయటే పాలు పోసి పోయాడు. ఆ రోజే ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే ఎంత బాగుండేదో. కానీ మా ఇంట్లో ఆగి ఆలోచించే మనిషి ఎవరు గనక?

హాలు తెరవడానికి ముందు రోజు స్టేషన్ని వ్యాను ఎక్కించి లైబ్రరీకి చేర్చాం. సారు వచ్చారు. బక్కపలచటి మనిషి, ఇస్త్రీ చొక్కా, నెత్తిన జుట్టు తెల్లబడింది గానీ సుడి అలాగే ఉంది. మావయ్యగారు తలుపుకి ఒక చివర చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెళ్లిచూపుల్లో కూడా నేను అంత బిగుసుకుపోలేదు.

సారు పైకప్పు చూసి, మసి కూడా పెట్టారే అన్నారు. కుళాయి కింద బురద చూసి నవ్వారు. మావయ్యగారు నావైపు చూసి కనుబొమ్మలెగరేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన స్విచ్చి నొక్కాడు. అరచేతిలో పట్టే ఇంజను, వెనక మూడు పెట్టెలతో వంతెన మీదికి ఎక్కింది. అంతే, సారు చెయ్యి అడ్డంగా లేచింది.

"ఆ బండి అటునుంచి రాదే!"

మా ఆయన గభాలున స్విచ్చి ఆపాడు. సారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఎదురుగా నిలబడి చూస్తే వంతెన కుడిచేతి వైపు ఉండాలనీ, ఇక్కడ ఎడమవైపు ఉందనీ అన్నారు. గంటా అంతే, ట్యాంకూ అంతే, కుళాయీ అంతే, అన్నీ అటువి ఇటున్నాయన్నారు. మీరు గదిలోంచి బయటికి చూసేవారు, నేను ఎదురు నుంచి చూసేవాణ్ని, అందుకే మీకలా అనిపిస్తోందని మావయ్యగారు వాదించబోయారు. మేడం ఆయన్ని గోడ మీదున్న ఊరి పాత పటం దగ్గరికి తీసుకెళ్లింది. అందులో స్టేషనుంది, వంతెనా ఉంది. సారు చెప్పినట్టే ఉంది.

మావయ్యగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మెల్లగా ఒక స్టూలు మీద కూర్చున్నారు.

"నాకు బుర్ర పోయిందమ్మా," అన్నారు నాతో. "ఇంత తేడానా? గంట ఏ పక్కనో కూడా గుర్తులేనివాణ్ని, నాదే స్టేషనని ఊరంతా చెప్పుకున్నాను."

ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే అది కోపంలాగే బయటికి వస్తుంది. బుర్ర పోయిన మనిషికి సిగ్నల్ మనిషి పాపిడి గుర్తుంటుందా, పెంకుల మసి గుర్తుంటుందా అని అందరి మీదా విరుచుకుపడ్డాను. ఆయన రెక్క పట్టుకుని లేపాను. మీ కుర్చీ ఇక్కడుందనుకోండి, ఎలా నిలబడేవారో అలా నిలబడి చెప్పండి, గంట ఎక్కడ అని అడిగాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. కుడిచెయ్యి గాల్లోకి లేచింది. అలవాటు ప్రకారం ఒక అడుగు వేసి, కుర్చీ వెనక్కి వెళ్లినట్టు గోడవైపు తిరిగారు. స్టేషను ఆయన వీపు వెనక ఉంది. గోడవైపే చూపిస్తూ, గంట ఇదిగో ఎడమవైపు అన్నారు.

"మావయ్యగారూ, స్టేషనుకి వీపు పెట్టి స్టేషన్ని ఎలా చూశారు?"

"అద్దంలో చూసేవాణ్ని కదమ్మా," అన్నారాయన కళ్లు తెరవకుండానే. తర్వాత తెరిచారు.

ముందు మా ఆయన నవ్వాడు. ఆపుకుందామని చేతిలో ఉన్న వైరుని నోట్లో కుక్కుకున్నాడు గానీ లాభం లేకపోయింది. అప్పట్లో మావయ్యగారి రోజంతా అంతే. చీకటి వీడకముందే గోడౌన్ వెనక గేటులోంచి సైకిలు మీద రావడం, గోడకి ఎదురుగా నిలబడటం, పొద్దుగూకాక అదే గేటులోంచి ఇంటికి పోవడం. రైలెక్కే పని లేదు, ఆ ఫోటో రోజు తప్ప పట్టాలు దాటి అవతలికి పోయిందీ లేదు. బండి వచ్చినా, గంట కొట్టినా, కుళాయి దగ్గర ఎవరైనా జారిపడ్డా, ఆయన చూసిందంతా ఆ అద్దంలోనే. ఇటుక ఇటుకా గుర్తుంది. అన్నీ తిరగబడి గుర్తున్నాయి.

నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. మేడం కూడా నవ్వింది గానీ, నవ్వాక గడియారం చూసుకుంది. రేపు పిల్లలొస్తారు. తప్పని తెలిసి ఎలా పెట్టనండీ అంది, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. మావయ్యగారు తల దించుకుని, తీసేయండమ్మా, మళ్లీ వ్యాను పిలవరా అన్నారు మా ఆయనతో.

సారు మాత్రం నవ్వలేదు. ఆయన తలుపు ముందుకి వచ్చి, సరిగ్గా పట్టాలకి ఇవతల, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగారు. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తుకి వంగి, అలాగే ఉండిపోయారు. నడుం పట్టేసిందేమోనని నేను భయపడ్డాను కూడా. లేచాక ఆయన మేడంవైపు తిరిగారు.

"మేడం, నా సర్వీసులో నేను స్టేషన్ని తీరిగ్గా చూసింది ఎప్పుడో తెలుసా? ఫోను మోగితే ఫోను, బండొస్తే జెండా. తలెత్తే తీరికేదీ? ఈయన కత్తి నా గొంతు మీద ఉన్నప్పుడే కదలకుండా కూర్చునేవాణ్ని. అప్పుడు ఆ అద్దంలో చూసేవాణ్ని, అబ్బ, నా స్టేషను ఎంత బాగుందో అనుకునేవాణ్ని. పటంలో ఎలాగైనా ఉండనీండి. నేను చూసిన స్టేషను ఇదే. ఇది సరిగ్గా ఉంది."

మావయ్యగారికి చెవులు బాగానే పనిచేస్తాయి. వెనక గదిలో నేను గొణుక్కున్నది కూడా గుమ్మంలోంచి వింటారు. అయినా చెవికి చెయ్యి అడ్డం పెట్టి, ఏమన్నారు సారూ అని అడిగారు. సారు దగ్గరికొచ్చి, ఆయన భుజం మీద చెయ్యేసి, ఇంకాస్త గట్టిగా చెప్పారు.

"సరిగ్గా ఉందయ్యా. నువ్వు లేకపోతే మా స్టేషన్ని చూసినవాడే లేడు."

మావయ్యగారు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మా ఆయన చెట్లకి రంపపు పొట్టు ఊడిపోయిందని వంక పెట్టుకుని అటు తిరిగాడు. ఎంత సంతోషంగా ఉందంటే, ఆ క్షణాన ఆ పెంకులన్నీ మళ్లీ మొదట్నుంచీ కొయ్యమన్నా కోసేదాన్ని.

మేడం ఒక్కతే ఇంకా వేళ్లు నలుపుకుంటోంది. అంతా బాగానే ఉంది గానీ, పిల్లలు వంతెన ఎడమవైపు ఉండేదని నేర్చుకుని పోతారే అంది. అప్పుడు వెలిగింది నాకు. అద్దాలు కట్టే షాపు పెట్టుకుని ఇంతసేపు ఆలోచించానంటే నన్నే అనాలి. ఒక్క పరుగున షాపుకి పోయి, ఎవరో ఫ్రేము కట్టమని ఇచ్చిన బీరువా నిలువుటద్దాన్ని ఆటోలో వేసుకొచ్చాను. పట్టాలకి ఇవతల ఒక కుర్చీ వేయించాను, దానికి ఎదురుగా అద్దం నిలబెట్టాను. కుర్చీ దగ్గర నిలబడి తిన్నగా చూస్తే మావయ్యగారు చూసిన స్టేషను. స్టేషనుకి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని అద్దంలో చూస్తే, తిరగబడింది మళ్లీ తిరగబడి, పటంలో ఉన్న స్టేషను. మేడం కూర్చుని చూసింది, లేచి చూసింది, మళ్లీ కూర్చుంది. రేపు పిల్లలు ఈ కుర్చీ కోసం కొట్టుకుంటారేమో అంది. పెట్టేద్దామా అంటే, ఇక్కణ్నించి కదిపితే ఊరుకోను అంది.

ముందుగా సారునే కూర్చోమన్నాం. ఆయన కూర్చోగానే మావయ్యగారు, ఎవరూ చెప్పకుండానే, వెళ్లి కుర్చీ వెనక నిలబడ్డారు. అద్దం జారకుండా నేను పట్టుకున్నాను. మా ఆయన స్విచ్చి నొక్కాడు.

అద్దంలో కుడివైపు నుంచి, వంతెన మీదుగా, పొద్దుటి బండి వచ్చింది. సరిగ్గా ఎటునుంచి రావాలో అటునుంచి. ప్లాట్‌ఫారం మొదట్లోకి వచ్చింది, ట్యాంకు దాటింది, గంట దాటింది. సారు ఉలిక్కిపడ్డట్టు చొక్కా సర్దుకుని, కుడిచెయ్యి ఎత్తుతూ కుర్చీలోంచి లేవబోయారు.

మావయ్యగారు ఆయన రెండు భుజాల మీదా చేతులు వేసి మెత్తగా నొక్కారు.

"కూర్చోండి సారూ. బండి దానంతటదే వెళ్తుంది."

సారు ఎత్తిన చెయ్యి దించుకుని, వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. ఇద్దరూ అద్దంలో బండి వెళ్లేదాకా చూశారు.